రిపీట్ చేస్తేనే తలుపు తీస్తాను

"పాపా, ఫోన్ మీ అమ్మకివ్వమ్మా."

కంట్రోల్ రూమ్‌లో చేరినప్పటి నుంచి ఈ మాట ఆమె ఎన్నిసార్లు విందో లెక్కలేదు. మొదట్లో "నేనే డ్యూటీలో ఉన్నానండీ" అని వివరంగా చెప్పేది. ఇప్పుడు "చెప్పండి, ఏం జరిగింది?" అని నేరుగా పనిలోకి దిగుతోంది.

ఆ మిలిటరీ బేస్‌లో ఎక్కడ నిప్పు రాజుకున్నా, ఎవరు కాలు విరగ్గొట్టుకున్నా, మొదట మోగేది ఆమె ముందున్న ఫోనే. ఎత్తాలి. కంగారులో ఉన్న మనిషి నుంచి ఎక్కడో, ఏమిటో రాబట్టాలి. వైర్‌లెస్‌లో ఫైరింజన్‌కో అంబులెన్స్‌కో చెప్పి పంపాలి. అందుకు కావలసిన చురుకుదనం ఆమెకుంది, జ్ఞాపకశక్తి ఉంది. లేనిదల్లా గొంతు. దేవుడు ఎత్తు ధారాళంగా ఇచ్చి, గొంతు దగ్గరకొచ్చేసరికి ఐదో క్లాసులోనే ఆపేశాడు. అందుకే చేరిన వారానికల్లా బేస్ మొత్తానికీ ఆమె 'పిట్ట' అయిపోయింది.

ఆ పేరు పెట్టినవాడు ఫైర్ స్టేషన్‌లో ఒకటో బండి డ్రైవర్. అతన్ని ఆమె చూడలేదు, వైర్‌లెస్‌లో వినడమే. అతనికీ ఒక పేరుంది, మ్యాపు. బేస్‌లో ఏ సందు ఎక్కడ తిరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడట.

ఆ ఉదయం ఫోన్ లాండ్రీ నుంచి వచ్చింది.

"పొగ మేడమ్! మెషిన్ల వెనక నుంచి పొగ!"

"మీ బిల్డింగ్ నంబరు?"

"పదిహేడు!"

"అందర్నీ బయటికి పంపండి. ఫోన్ పెట్టేయకండి, నేను లైన్లోనే ఉంటాను." చెబుతూనే ఫైర్ స్టేషన్ తలుపు తెరిచే బటన్ నొక్కింది. ఫైరింజన్లకూ అంబులెన్సుకూ ఉన్న ఆ పెద్ద ఇనప తలుపులు కంట్రోల్ రూమ్ నుంచే తెరుచుకుంటాయి. తర్వాత వైర్‌లెస్ అందుకుంది. "ఒకటో బండి, పదిహేడో బిల్డింగ్‌లో పొగ. రిపీట్ చేయండి."

"తెలుసు పిట్టా, తెలుసు. పదిహేడే కదా? బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తున్నా." సైరన్ మొదలైంది.

"దయచేసి ఒకసారి రిపీట్ చేస్తారా అండీ?"

సైరన్ మోతే పెరిగింది. ఎదురుగా ఉన్న కెమెరా తెర మీద ఎర్రబండి సర్కిల్ దగ్గరకొచ్చి, ఎడమకు తిరిగింది. లాండ్రీ ఉన్నది కుడివైపు.

"ఒకటో బండి, అటు కాదండీ. ఒకటో బండీ, ఆగండి. ప్లీజ్, ఆగండి!"

"పాపా, కంగారుపడకు. నేను చూసుకుంటాగా."

చూసుకున్నాడు. గడ్డి తప్ప మరేమీ లేని ఖాళీ స్థలాన్ని.

ఆ బేస్‌లో బిల్డింగుల నంబర్లు వరసగా ఉండవు. ఏది ముందు కడితే దానికి ముందు నంబరు. ఒకదాన్ని కూల్చేస్తే, దాని నంబరు తర్వాత కట్టినదానికి ఇస్తారు. పాత పదిహేడు ఒక పనిముట్ల షెడ్డు. దాన్ని కూల్చాక ఆ నంబరు బేస్ రెండో చివరకు పోయి కొత్త లాండ్రీ మీద కూర్చుంది. ఇలాంటి తప్పు కొత్తవాళ్ళు చెయ్యాలన్నా చెయ్యలేరు. అన్నీ తెలిసినవాడే చెయ్యాలి.

బండి వెనక్కి తిరిగి వచ్చేలోపు లాండ్రీవాళ్ళు ఆమె ఫోన్‌లో చెప్పినట్టు గోడకున్న సిలిండర్లు తీసి నురగ కొట్టి మంట ఆపేశారు. ఒక గుట్ట యూనిఫారాలు, ఇస్త్రీ చేసే పెద్దాయన కనుబొమ్మలు మాత్రం పోయాయి.

మర్నాడు సూపర్‌వైజర్ మేడమ్ ఆమెను గదిలోకి పిలిచి రికార్డింగ్ వినిపించింది. తన గొంతు తనకే వినబడుతుంటే కుర్చీలో ముడుచుకుపోయింది ఆమె.

"నంబరు సరిగ్గానే చెప్పావు. వినకుండా పోవడం అతని తప్పు. ఆ సంగతి అతనే ఒప్పుకున్నాడు, దాచలేదు" అంది మేడమ్. "మరి రిపీట్ చేయకుండానే నువ్వు తలుపెందుకు తీశావు?"

"అందరూ ముందే తీస్తారు కదా మేడమ్. టైమ్ కలిసొస్తుందని..."

"అందరూ ఆగమంటే బండి ఆగుతుంది. నువ్వంటే ఆగలేదు." మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నెలాఖరుకి నీ ట్రయల్ అయిపోతుంది. ఆలోగా నువ్వు చెబితే బండి ఆగుతుందని నాకు నమ్మకం కుదరాలి. లేదంటే గేటు దగ్గర పాస్ సెక్షన్‌లో కుర్చీ ఖాళీ. మంచి కుర్చీ. నెత్తిన ఫ్యాను కూడా ఉంది."

"నాకు ఈ కుర్చీయే కావాలి మేడమ్."

"అదేమిటి, ఏడుస్తున్నావా?"

"లేదు మేడమ్. నా గొంతే అంత."

ఇంట్లో అమ్మ ఈ సంగతి విని కొంగు బిగించింది. అమ్మ బడిలో టీచరు. ఆవిడ ఒక్క కేక వేస్తే ఆటస్థలంలో బంతి కూడా ఆగిపోతుందని పేరు.

"నా కడుపున పుట్టి నీకీ గొంతేమిటే! కడుపులోంచి రావాలి అమ్మడూ, కడుపులోంచి! ఏదీ, అను. ఆగండి!"

"ఆగండి!"

"పాలవాణ్ణి పిలుస్తున్నావా? ఇంకా గట్టిగా!"

"ఆగండీ!"

పక్కనున్న టైలర్ షాపులో మిషన్ చప్పుడు ఆగింది. టైలర్ గోడ మీంచి తొంగిచూశాడు. "పాప ఎందుకలా ఏడుస్తోందమ్మా? దెబ్బ తగిలిందా?"

అమ్మ నిట్టూర్చింది. "హాయిగా పాస్ సెక్షన్‌కి పోరాదూ? ఫ్యాను కూడా ఉందంటున్నావు."

"పోను" అంది ఆమె. సన్నటి గొంతుతోనే అంది గానీ, ఆ 'పోను'లో పోవడానికి ఎక్కడా సందు లేదు.

సోమవారం మ్యాపు వచ్చాడు. అతని చేతిలోంచి స్టీరింగ్ లాక్కుని, రెండు వారాలు కంట్రోల్ రూమ్‌లో కూర్చుని వినమని శిక్ష వేశారు. ఆమె ఊహలో అతనికి గుబురు మీసాలు, పొట్ట ఉన్నాయి. తలుపు దగ్గర నిలబడ్డవాడికి అవేమీ లేవు. తడి జుట్టు, కాస్త ముందుకొచ్చిన చెవులు, తప్పు చేసిన కుర్రాడి చూపు.

"నమస్తే మేడమ్" అన్నాడు ఆమెతో. "ఇక్కడ ఆ చిన్నమ్మాయి ఏదండీ? సారీ చెప్పాలి."

ఆమె లేచి నిలబడింది. అతని కన్నా రెండు వేళ్ళు పొడుగు.

"చెప్పండి."

ఆ గొంతు ఆ ఎత్తు నుంచి వచ్చేసరికి అతను నోరు తెరిచి మూయడం మర్చిపోయాడు. "మీరా?"

"ఏం, చెట్టు మీద కూర్చుని ఉంటాననుకున్నారా?"

"అబ్బే... అంటే... సారీ అండీ."

"దేనికి? పేరు పెట్టినందుకా, మాట విననందుకా?"

"రెండిటికీ చెబితే ఒకటి తగ్గిస్తారా?"

"హెడ్‌ఫోన్ పెట్టుకోండి" అంది, నవ్వు బయటపడకుండా తెర వైపు తిరిగి.

మొదటి రోజు అతను కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. రెండో రోజు కాళ్ళు దగ్గరకు తీసుకున్నాడు. ఒక ఆఫీసర్ భార్య పిల్లాడి గొంతులో గోళీ అడ్డం పడిందని ఫోన్ చేసి, "పెద్దవాళ్ళకివ్వు పాపా" అని ఏడుస్తుంటే, "నేను చెప్పినట్టు చేయండి. బాబుని బోర్లా పట్టుకోండి. వీపు మీద చరచండి. గట్టిగా. ఇంకోసారి" అంటూ గోళీ నేల మీద పడిన చప్పుడు వినబడేదాకా ఆమె లైన్ వదల్లేదు. ఆ సాయంత్రం అతను టీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఇదేమిటి?"

"టీ. రిపీట్ చెయ్యమంటారా?"

అలా మొదలైంది. ఖాళీ దొరికితే ఇద్దరూ గోడకున్న బేస్ మ్యాపు ముందు నిలబడేవాళ్ళు. ఏ నంబరు ఒకప్పుడు ఎక్కడుండేదో అతను చెప్పేవాడు. ఇప్పుడు ఎక్కడుందో ఆమె చెప్పేది. ఒక్కోసారి మ్యాపు మీద ఇద్దరి వేళ్ళూ ఒకే బిల్డింగ్ మీదికి వెళ్ళి, రెండూ ఒకేసారి వెనక్కొచ్చేవి.

"నంబరొక్కటీ సరిపోదండీ" అన్నాడు ఒకరోజు. "పక్కన ఏముందో కూడా చెప్పాలి. నంబరు మారుతుందిగానీ వాటర్ ట్యాంకు లేచిపోదు కదా."

"అయితే డ్రైవర్ రిపీట్ చేసేటప్పుడు నంబరుతో పాటు పక్కన ఏముందో చెప్పాలి. అతని తలలో ఏ బిల్డింగుందో నాకు తెలిసిపోతుంది."

"నా తలలో ఏముందో మీకు తెలియడం అంత మంచిది కాదేమో" అన్నాడు అతను, మ్యాపు వైపే చూస్తూ. చెవులు ఎర్రబడ్డాయి. అవి ముందుకొచ్చి ఉండడం వల్ల దాచుకోవడానికి కుదరలేదు.

శిక్ష ఆఖరి రోజున వాన. డ్యూటీ దిగుతుంటే అతను ఎదురొచ్చాడు.

"ఇంట్లో ఇంకా గొంతు సాధన చేస్తున్నారా?"

"చేస్తున్నా. నెలాఖరు దగ్గరపడుతోంది."

"ఒకసారి బండెక్కండి. లోపల కూర్చుంటే వైర్‌లెస్ ఎలా వినబడుతుందో మీరెప్పుడూ వినలేదు. మేడమ్‌ని అడిగే వచ్చాను."

ఒకటో బండి యార్డులో నిలబడి ఉంది. అతను ఇంజన్ స్టార్ట్ చేశాడు. సీటు, అద్దాలు, ఆమె పళ్ళు అన్నీ కలిసి వణికాయి. వాన, వైపర్లు, ఆ మోత. వైర్‌లెస్‌లో మేడమ్ గొంతు వచ్చింది. బేస్ అంతా హడలిపోయే ఆ బరువైన గొంతు ఇంజన్ మోతలో కలిసి, పిండిమర పక్కన కబుర్లలా వినబడింది. ఆమెకు సగం మాటలు తెలియలేదు.

"ఇప్పుడు వినండి" అన్నాడు.

మేడమ్ ఆ రోజు రికార్డింగ్ పెట్టింది. 'ఒకటో బండి, అటు కాదండీ. ఒకటో బండీ, ఆగండి. ప్లీజ్, ఆగండి!' మోత మీద తేలుతూ, అక్షరం అక్షరం విడివిడిగా, చెవి పక్కనే నిలబడి చెప్పినట్టు.

"చూశారా!" అతని మొహం వెలిగిపోతోంది. "మా బండికి మీ గొంతే సరైన గొంతు. మార్చుకోవద్దు. ఇది చెబుదామనే..."

ఆమె అతని వైపు తిరిగింది. "అంటే, ఆ రోజు మీకు వినబడింది."

వైపర్లు అటూ ఇటూ తిరిగాయి.

"నేనింకా మోతలో వినబడలేదేమో, గొంతు చాలలేదేమో అనుకుంటూ రోజూ గోడకు కేకలు వేస్తున్నాను. మీకు వినబడింది."

"ప్రతి మాటా" అన్నాడు మెల్లగా. "చిన్నపిల్ల, నాకు చెప్పేదేముందిలే అనుకున్నాను. తప్పు నాదే. చెవిలో పడింది, బుర్రలోకి పోనివ్వలేదు."

ఆమె తలుపు తీసుకుని వానలోకి దిగింది.

"గొడుగండీ!"

"వద్దు. మీరుంచుకోండి."

ఆ రాత్రి అమ్మ సాధనకు పిలిస్తే, "ఇక అక్కర్లేదమ్మా. నా గొంతు బాగానే ఉంది" అంది తల తుడుచుకుంటూ.

"మరి బండి ఎలా ఆగుతుందే?"

"ముందు ఆగి, నా మాట తిరిగి చెప్పాకే కదులుతుంది."

మర్నాడు మేడమ్ దగ్గరకు వెళ్ళింది. "రూలు ప్రకారం డ్రైవర్ రిపీట్ చేశాకే తలుపు తీయాలి కదా మేడమ్?"

"రూలదే. ఎవరూ పాటించరు."

"నేను పాటిస్తాను. నంబరుతో పాటు పక్కన ఏముందో కూడా చెబితేనే తీస్తాను."

"వాళ్ళంతా నీ మీద విరుచుకుపడతారు."

"పడనివ్వండి."

పడ్డారు. మొదటి డ్రిల్లుకే ఫైర్ ఆఫీసర్ ఫోన్ చేశాడు. "ఏమ్మా, బండి లోపల నిలబడి హారన్ కొడుతోంది. తలుపు తీయవేం?"

"రిపీట్ చేయించండి సార్, తీస్తాను."

"ఇది డ్రిల్లేనమ్మా!"

"నిజం మంటప్పుడు నేర్చుకోలేం కదా సార్."

రెండో బండి డ్రైవర్ కావాలని ముక్కుతో పాడుతూ రిపీట్ చేశాడు. తీసింది. అంబులెన్స్ డ్రైవర్ "తెలుసమ్మా" అన్నాడు. తీయలేదు. "ఇంతకన్నా అత్తగారు నయం" అని గొణుక్కున్నాడు, అది కూడా రికార్డయింది.

మ్యాపు మళ్ళీ స్టీరింగ్ ముందు కూర్చున్న రోజు, మొదటి కాల్‌కు వైర్‌లెస్‌లో అతను వెంటనే పలికాడు. ఎక్కడా వెటకారం లేని గొంతు. "ఒకటో బండి. ఇరవై తొమ్మిది. వాటర్ ట్యాంకు పక్కన."

"తలుపు తీస్తున్నాను."

ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి మధ్యా అవే మాటలు. అతను పిట్టా అనలేదు. టీ కూడా రాలేదు. కోపం తనదే కాబట్టి ఆమె ఫిర్యాదు చేయడానికి కూడా వీల్లేదు. కానీ ఒకటో బండి పలికినప్పుడల్లా హెడ్‌ఫోన్ చెవికి కాస్త దగ్గరగా నొక్కుకునేది. సిగ్నల్ బాగాలేదని తనకు తాను చెప్పుకునేది.

నెలాఖరుకు ఒక రోజు ముందు, మధ్యాహ్నమే చీకటి పడినట్టయి గాలివాన దిగింది. ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. చెట్టు పడింది, రేకు లేచిపోయింది, లైటు స్తంభం ఒరిగింది. వాటి మధ్య ఒక ఫోన్.

"వంటగది మేడమ్! అల్మరా కూలి గ్యాస్ పైపు ఊడింది. మా వంటాయన కాలు కింద ఇరుక్కుపోయింది! పెరేడ్ గ్రౌండు పక్కన, ఇరవై నాలుగు!"

"పొయ్యిలన్నీ ఆపండి. లైటు స్విచ్చులు ముట్టుకోకండి. తలుపులు, కిటికీలు తెరవండి. బండి వస్తోంది." రెండో చెవిలో మరో ఫోన్ అరుస్తుండగానే వైర్‌లెస్ అందుకుంది. "ఒకటో బండి. నలభై రెండు, వంటగది. గ్యాస్ లీకు. మనిషి కాలు ఇరుక్కుంది. రిపీట్."

"ఒకటో బండి. నలభై రెండు. పిల్లల బడి వెనక."

బటన్ మీదికి వెళ్ళిన వేలు గాల్లో ఆగిపోయింది. పిల్లల బడి? అక్కడా వంటగది ఉంది. కానీ ఫోన్‌లో మనిషి చెప్పింది పెరేడ్ గ్రౌండు.

నంబరు తిరగేసింది తనే. గొంతు మాత్రం వణకలేదు.

"ఆగండి. తప్పు నాది. ఇరవై నాలుగు. పెరేడ్ గ్రౌండు పక్కన. రిపీట్."

"ఇరవై నాలుగు. పెరేడ్ గ్రౌండు పక్కన."

"తలుపు తీస్తున్నాను."

తెర మీద ఎర్రబండి వాన చీల్చుకుంటూ వచ్చి సర్కిల్ దగ్గర సరైన వైపు తిరిగింది. తర్వాత ఆమె ఇంకెన్ని ఫోన్లు ఎత్తిందో, ఎవరికి ఏం చెప్పిందో, పనంతా చేసిందిగానీ ఊపిరి మాత్రం ఒకటో బండి పలికాకే తీసుకుంది.

"కంట్రోల్, గ్యాస్ ఆపేశాం. మనిషి బయటికొచ్చాడు. కాలు వాచింది, ప్రాణానికి భయం లేదు." కాస్త ఆగి, "థాంక్స్, కంట్రోల్."

డ్యూటీ దిగగానే ఆమె సూపర్‌వైజర్ గదికి వెళ్ళింది. "మేడమ్, ఇవాళ్టి రికార్డింగ్ వినండి. నంబరు తిరగేసి చెప్పాను. ఎవరో చెప్పి మీకు తెలిసేకన్నా నేనే చెబుదామని వచ్చాను."

మేడమ్ విన్నది. ఒకసారి కాదు, మళ్ళీ వెనక్కి తిప్పి విన్నది. ఆమె నిలబడి నేల వైపు చూస్తోంది. గేటు దగ్గరి కుర్చీ, దాని నెత్తిన ఫ్యాను కళ్ళ ముందు తిరుగుతున్నాయి.

"ఆగండి అన్నావు. ముందు ప్లీజ్ లేదు, తర్వాత బతిమాలడం లేదు. బండి ఆగింది."

"తలుపు మూసుంది కాబట్టి ఆగింది మేడమ్."

"మూసి ఉంచిందెవరు? ఇన్నేళ్ళుగా ఈ తలుపు ముందే తీసేస్తున్నవాళ్ళలో నేనూ ఉన్నాను." మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని, కాగితం మీద సంతకం చేసి ముందుకు తోసింది. "పాస్ సెక్షన్‌లో ఆ ఫ్యాను పాడైందట. నువ్విక్కడే ఉండు."

బయట వాన సన్నబడింది. మెట్ల దగ్గర అతను నిలబడి ఉన్నాడు. బట్టలకు మసి, బురద. చేతిలో మాత్రం మడత విప్పని గొడుగు.

"ఉంచుకోమన్నారుగా. ఉంచాను" అన్నాడు. "కుర్చీ?"

"నాదే."

అతను నవ్విన నవ్వు చూసి, ఆ కోపాన్ని ఇంకా ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

"ఇవాళ మీరు రిపీట్ చేయకుండా వెళ్ళి ఉంటే..."

"మీరు తలుపు తీసి ఉండేవారు కాదు" అన్నాడు. "ఒక మాట చెప్పాలి. వైర్‌లెస్‌లో కుదరదు, రికార్డవుతుంది."

"ఇక్కడ రికార్డవడం లేదు. చెప్పండి."

"ఆదివారం మా అమ్మను తీసుకుని మీ ఇంటికి వద్దామనుకుంటున్నా. మీకిష్టమైతేనే. ఈ రెండు వారాలూ మీరు నాతో నంబర్లు తప్ప ఏమీ మాట్లాడలేదు. అయినా ఆ నంబర్ల కోసమే పొద్దున్నే లేస్తున్నాను. ఇలాంటివాడికి ఏమంటారో నాకు తెలీదు. మా అమ్మ మాత్రం పెళ్ళి చెయ్యాలంటోంది."

ఆమె గొడుగు అందుకుని విప్పింది. ఇద్దరి మీదికీ వచ్చేలా పట్టుకోవాలంటే ఎత్తు తనదే కాబట్టి తనే పట్టుకుంది.

"మా ఇల్లెక్కడో తెలుసా?"

"తెలుసు."

ఆమె కనుబొమ్మలు పైకెత్తింది. అతను గబుక్కున నిటారుగా నిలబడ్డాడు.

"ఒకటో బండి. రైల్వే గేటు వీధి. మేడ మీది ఇల్లు. కింద మందుల షాపు."

"ఆ ఇల్లు ఖాళీ చేసి రెండేళ్ళయింది."

"అయ్యో!" అతను నెత్తి మీద కొట్టుకున్నాడు. "పాస్ సెక్షన్‌లో అడిగి మరీ తెలుసుకున్నానే!"

ఆమెకు ఇక నవ్వు ఆగలేదు. నవ్వు కూడా పిట్ట కూతలాగే ఉంది. "మార్కెట్ వెనక వీధి. ఆకుపచ్చ గేటు. పక్కన టైలర్ షాపు. రిపీట్."

అతను రిపీట్ చేశాడు. నెమ్మదిగా, ఒక్కో మాటా దాచుకుంటున్నట్టు.

ఆదివారం ఉదయం వీధి తలుపు చప్పుడైంది. అమ్మ వంటింట్లోంచి బడి కేక వేసింది. "ఎవరూ?"

"ఒకటో బండి అండీ! ఆకుపచ్చ గేటు. పక్కన టైలర్ షాపు. మా అమ్మ కూడా వచ్చింది."

అమ్మ గరిటెతో ఇవతలకు వచ్చింది. "ఒకటో బండేమిటే? ఎవరే అతను?"

ఆమె అప్పటికే గడియ మీద చెయ్యి వేసి ఉంది. "తలుపు తీస్తున్నాను" అంది, బయటికి వినబడేలా.

అవతల ఒక పెద్దావిడ గొంతు గుసగుసలాడింది. "ఒరేయ్, ఎవరో చిన్నపిల్ల పలికిందిరా. ఇంట్లో పెద్దవాళ్ళు లేరేమో. ఇంకోసారి వద్దామా?"

"ఆగమ్మా" అన్నాడు అతను. "ఆ గొంతేనమ్మా."